సి.కె.నాయుడు, విజయనగరం

కొఠారి కనకయ్య నాయుడు (1895 అక్టోబరు 31 – 1967 నవంబరు 14) భారత టెస్టు క్రికెట్ జట్టుకు తొలి కెప్టెన్. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. విజయనగరం సంస్థానం ఆయన ఆటజీవితంలో పదే పదే ఎదురవుతుంది: ఒకసారి అండగా, మరోసారి అడ్డుగా.

1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు. ఆ రోజుల్లో మన దేశంలో ఆటగాడికి కూడు పెట్టింది సంస్థానాల కొలువే. 1923లో హోల్కర్ మహారాజు ఆయనను ఇండోర్‌కు రప్పించి తన సైన్యంలో హోదా ఇచ్చారు. 1926 డిసెంబరులో ఆర్థర్ గిల్లిగన్ తెచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానాలో 116 నిమిషాల్లో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! మనకు టెస్టు హోదా దక్కాలన్న వాదనకు ఆ ఒక్క ఇన్నింగ్స్ ఇచ్చినంత బలం ఏ అర్జీలూ ఇవ్వలేదనాలి.

విజయనగరం మహరాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు, అందరి నోటా 'విజ్జీ', 1930–31లో సొంత జట్టు కట్టి హాబ్స్, సట్‌క్లిఫ్‌లను ఇంగ్లండు నుంచి పిలిపించారు. నాయుడూ ఆ జట్టులో ఆడారు.

1932 ఇంగ్లండు పర్యటనకు పోర్‌బందర్ మహారాజు కెప్టెన్. ఆట తనకు అంతంతమాత్రమేనని ఆయనకు తెలుసు. అందుకే జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టులో పగ్గాలు నాయుడు చేతికి వచ్చాయి. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశారు. ఆ మ్యాచ్‌లో ఓడినా, పర్యటన మొత్తం మీద ఆయన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు, 65 వికెట్లు సాధించారు. విజ్డెన్ 1933లో తన అయిదుగురు మేటి క్రికెటర్లలో ఆయననూ చేర్చింది.

1936 ఇంగ్లండు పర్యటనలో కథ అడ్డం తిరిగింది. కెప్టెన్సీ విజ్జీకి దక్కింది. మూడు టెస్టుల్లో కలిపి విజ్జీ చేసినవి 33 పరుగులు. జట్టు రెండు ముఠాలుగా చీలింది. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. పొద్దుటి ఫలహారాల దగ్గర నాయుడును తూలనాడినందుకే బకా జిలానీకి టెస్టులో చోటు దొరికిందన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఓవల్ టెస్టులో గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా నాయుడు నిలబడి 81 పరుగులు చేశారు. ఆయనకు అదే చివరి టెస్టు. ఏడు టెస్టుల్లో 350 పరుగులు చూసి ఈ ఆటగాణ్ణి తూచకూడదు. అసలు ఆట రంజీల్లో ఉంది. ఆయన నడిపిన హోల్కర్ జట్టు నాలుగుసార్లు ట్రోఫీ గెలిచింది. యాభై ఏళ్ళ వయసులో బరోడాపై డబుల్ సెంచరీ కొట్టారు.

ఆంధ్ర జట్టు 1953–54లో రంజీ బరిలోకి దిగినప్పుడు 58 ఏళ్ళ నాయుడే దానికి నాయకుడు. పుట్టింది నాగపూర్‌లో, పెరిగిన పేరు ఇండోర్‌ది. అయినా తెలుగువాళ్ళ సొంత జట్టు తొలి అడుగులు ఆయన వెంటే వేసింది. 1956లో పద్మభూషణ్ వచ్చింది. ఈ పురస్కారం అందుకున్న మొదటి క్రికెటర్ ఆయనే. 1956–57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశారు. 1963లో ఒక సహాయార్థ మ్యాచ్‌తో బ్యాటు పక్కన పెట్టేనాటికి వయసు 68. తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా టెస్టు ఆటగాడే. కూతురు చంద్రా నాయుడు మన దేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరు.