పాత కార్నెట్టు చెప్పు చరిత్ర

మంచిర్యాలను ఆనుకొనియున్న నస్పూరు బొగ్గుగనుల ప్రాంతము. ఇచ్చట పెండ్లి ఊరేగింపు సాగునప్పుడు బ్యాండు మేళములో అన్నిటికంటె ముందుగా చెవిని పడునది ట్రంపెట్టు ధ్వని. ఇదే పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఉట్నూరు కొండలవైపు పోయినచో, దీపావళి దినములలో గోండులు దండారి ఆడునప్పుడు తుడుము, డప్పు, పేప్రెలతోపాటు కాలికోమ్ అను బాకాను ఊదుదురు. ఒకటి మీటలు గల వాద్యము; రెండవది ఉత్త గొట్టము. అయినను రెండును ఒకే కుటుంబమునకు చెందినవి. సన్నాయిలోవలె వీనిలో రెల్లుపీక లేదు. ఊదువాని పెదవులే కంపించి గొట్టములోని గాలిని పలికించును. ఉత్త బాకా మీటల వాద్యముగా ఎట్లు మారినది? ఆ చరిత్రను తెలిసికొనుటకు పాత వాద్యములను ఏల కాపాడవలెను?

గొట్టములోని గాలి దాని పొడవును బట్టి కొన్ని స్వరములను మాత్రమే ఇచ్చును. వాని పౌనఃపున్యములు 2, 3, 4, 5, 6 అను నిష్పత్తిలో ఉండును. 2ను షడ్జమనుకొన్నచో 3 పంచమము, 4 పై షడ్జము, 5 దానిపై అంతరగాంధారము, 6 పై పంచమము అగును. క్రింది స్వరముల నడుమ ఎడము చాల ఎక్కువ. అందుచేత ఉత్త బాకాతో సంకేతము ఇయ్యవచ్చును, ఉత్సాహము కలిగింపవచ్చును. కాని పాట నడుపుట కష్టము. ఐరోపా సైన్యముల పాత బాకాలును ఇట్టివే.

ఈ ఎడములను పూడ్చుటకు పలువురు శ్రమించిరి. వియన్నాలో ఆంటన్ వైడింగర్ గొట్టమునకు రంధ్రములు చేసి మూతలు అమర్చిన ట్రంపెట్టును వాయించెను. అతనికొరకు హైడన్ 1796లో రచించిన కృతి 1800లో ప్రదర్శింపబడెను. అయితే మూత తెరచినప్పుడు ధ్వని కొంత మందగించుచుండెను. 1818లో ప్రష్యాలో స్టోల్జెల్, బ్ల్యూమెల్ అను ఇరువురు కవాటమునకు పేటెంటు పొందిరి. కవాటమును నొక్కగానే గాలి ఒక అదనపు గొట్టములోనికి మళ్లును. పొడవు పెరుగును, స్వరము దిగును. 1839 ప్రాంతమున పారిస్‌లో పెరినె దీనిని మెరుగుపరచెను. నేటి పిస్టను కవాటము ఆ మార్గమునకు చెందినదే. తపాలాబండ్లవారు ఊదు చిన్న కొమ్మునకు కవాటములు చేర్చగా ఫ్రాన్సులో కార్నెట్టు పుట్టినది. దాని గొట్టము ట్రంపెట్టుకంటె ఎక్కువ భాగము శంకువువలె విప్పారుటచే ధ్వని మెత్తగా ఉండును.

విద్యార్థులు ఇచ్చట చిన్న లెక్క వేయవచ్చును. బి-ఫ్లాట్ కార్నెట్టు గొట్టము పొడవు సుమారు 148 సెం.మీ. ఒక అర్ధస్వరము దిగుటకు పొడవు దాదాపు 6 శాతము పెరుగవలెను. రెండవ కవాటము ఒక అర్ధస్వరము దింపును, దానికి 8.8 సెం.మీ. కావలెను. మొదటిది రెండు దింపును; 18.1 సెం.మీ. మూడవది మూడు దింపును, 28 సెం.మీ. మూడింటిని కలిపి నొక్కిన ఆరు అర్ధస్వరములు దిగవలెను. అందుకు 61.3 సెం.మీ. అవసరము, కాని కూడిక 54.9 మాత్రమే! 6.4 సెం.మీ. కొరత వలన స్వరము సుమారు అర అర్ధస్వరము హెచ్చుగా పలుకును. 1874లో ఇంగ్లండులో బ్లేక్‌లీ ఈ లోపమునకు పరిహారకవాటములను కనిపెట్టెను. నేటి వాదకుడు మూడవ కవాటపు గొట్టమును వ్రేలితో ముందుకు జరిపి సరిచేసికొనును.

ఈ వాద్యములు బ్రిటిషు పటాలములతో మన దేశమునకు వచ్చినవి. 1806లో ఏర్పడిన సికిందరాబాదు కంటోన్మెంటు వంటి స్థలములలో బ్యాండు సంగీతము వినబడెడిది. మీరట్‌లో 1885లో స్థాపితమైన నాదిర్ అలీ సంస్థ మొదట వాద్యములను దిగుమతి చేసికొని, తరువాత తానే తయారుచేసెను. అట్లు ఈ వాద్యములు కవాతు మైదానము విడిచి పెండ్లి వీధికి వచ్చినవి.

పాత కార్నెట్టు చేత చిక్కినవానికి ఒక వింత ఎదురగును. ఎంత శ్రద్ధగా ఊదినను అది నేటి కీబోర్డుతో కలియకపోవచ్చును. దోషము వాద్యముది కాదు. 19వ శతాబ్ది చివర బ్రిటిషు సైనికబృందములు ‘ఎ’ స్వరమును సెకనుకు సుమారు 452 కంపనములుగా పెట్టుకొనెడివి. 1920ల చివర ఆ సైన్యము దానిని 439కి దించెను. 1939లో లండను సమావేశము 440ని నిర్ణయించెను. కనుక నాటి కార్నెట్టు గొట్టము నేటిదానికంటె సుమారు 4 సెం.మీ. పొట్టి. శ్రుతిగొట్టమునకు రెండు కాళ్లుండుటచే దానిని 2 సెం.మీ. బయటికి లాగిన చాలును. కవాటపు గొట్టములను కూడ వాని పొడవులకు తగినట్లు కొద్దిగా లాగవలెను.

దీనిని ఎరుగనివారు వాద్యమును చెడినదని తలచి ఇత్తడి ధరకు తూకమువేసి అమ్ముదురు. దానితోపాటు ఒక కాలపు శ్రుతియు కరగిపోవును. మరికొందరు మెరుపుకొరకు చింతపండుతో పదేపదే తోముదురు. ఆమ్లము వెండిపూతను పాడుచేయును. రాపిడివలన తయారీదారుని పేరు, సంఖ్య అరిగిపోవును. ఇవియే వాద్యము వయస్సు చెప్పు ఆధారములు. ఇత్తడిపై గులాబిరంగు మచ్చలు కనిపించిన అచ్చట తుత్తునాగము పోవుచున్నదని గుర్తింపవలెను. తడిని తుడిచి, కవాటములకు సన్నని నూనె వేసి, అప్పుడప్పుడు ఊదుచుండుటయే తగిన సంరక్షణ.

కాలికోమ్‌కును ఇంతటి గౌరవము తగును. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు జానపద, గిరిజన వాద్యములను సేకరించి మార్గము చూపిరి. ఉపాధ్యాయులు తమ ఊరి మేళపు పెద్దలను పాఠశాలకు ఆహ్వానింపవచ్చును. వాద్యము పొడవు కొలిచి, దానిపై పేరు వ్రాసికొని, ధ్వనిని ముద్రించి ఉంచవచ్చును. వాద్యము దొరకనిచోట 148 సెం.మీ. నీటిగొట్టమునకు గరాటు తగిలించి, పెదవులు బిగించి ఊదిన చాలును. షడ్జము, పంచమము, గాంధారము వరుసగా వినబడును. కొండమీది బాకాకును పెండ్లి ట్రంపెట్టుకును గల చుట్టరికము అప్పుడు విద్యార్థికి చెవులారా తెలియును.