వరి మడిలోని నీలి ఆకుపచ్చ నాచు: పురుగుమందుల ప్రభావం

నీలి ఆకుపచ్చ నాచుగా పిలిచే సయనోబాక్టీరియా నిజానికి నాచు కాదు, కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా. వీటిలో అనబీనా, నాస్టాక్, అలోసిరా, టోలిపోత్రిక్స్ వంటివి గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తాయి. నీరు నిలిచే వరి పొలాలకు నత్రజని సమకూర్చడంలో వీటిదే ముఖ్యపాత్ర అని పి.కె. డే 1939లో తెలిపారు. పరిస్థితులు అనుకూలిస్తే హెక్టారుకు 20-30 కిలోల నత్రజని వీటి వల్ల చేరుతుంది. కాండం తొలిచే పురుగుకో సుడిదోమకో కొట్టే మందు మడి నీటిలో కలిసి వీటినీ తాకుతుంది.

సూక్ష్మదర్శినిలో అనబీనా పూసల దండలా కనిపిస్తుంది. మధ్యమధ్య గోడ మందంగా, రంగు పాలిపోయి ఉండే కణాలు హెటిరోసిస్టులు. నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఎంజైముకు ఆక్సిజన్ గిట్టదు కాబట్టి ఆ పని వీటి లోపల సాగుతుంది. ఒక్క నత్రజని అణువుకు శక్తినిచ్చే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి. అందుకు కావలసిన చక్కెరను పక్క కణాలే పంపాలి. అందువల్ల మందు నైట్రోజినేజ్‌ను నేరుగా దెబ్బతీయకపోయినా, పక్క కణాల్లో కిరణజన్య సంయోగక్రియ మందగిస్తే నత్రజని స్థిరీకరణ పడిపోతుంది. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు ఎక్కువైనప్పుడు అనబీనా ఎదుగుదల, పత్రహరితం తగ్గడం ప్రయోగశాలల్లో కనిపించింది.

అన్ని మందులూ ఒకేలా పనిచేయవు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో 1960ల్లో నీట మునిగిన నేలకు లిండేన్ అనే పురుగుమందు వేసి చూస్తే, నాచు తగ్గకపోగా పెరిగింది. నాచును మేసే ఆస్ట్రాకోడ్ల వంటి చిన్న జలచరాలను మందు చంపడమే ఇందుకు ప్రధాన కారణం. అయితే మళ్లీ మళ్లీ మందు కొడితే ఆ జలచరాలను తినే జీవులూ చస్తాయి. తట్టుకుని మిగిలిన ఆస్ట్రాకోడ్లు విపరీతంగా పెరిగి నాచును ఊడ్చేస్తాయి. 1980ల్లో అదే సంస్థ వేప గింజలతో ఆస్ట్రాకోడ్లను తగ్గించి, నాచును పెంచగలిగింది. లిండేన్ వాడకాన్ని భారతదేశం 2013 నుంచి నిషేధించింది.

నాచు కూడా మందును మారుస్తుంది. మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్‌లను నాస్టాక్ లింకియా వంటివి విచ్ఛిన్నం చేస్తాయని అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980ల్లో గుర్తించారు.

ఈ రంగంలోని ఫలితాల్లో చాలావరకు గాజు ఫ్లాస్కుల్లో వచ్చినవే. అక్కడ మందును పట్టి ఉంచే బంకమట్టి ఉండదు, ఎండ తీవ్రత ఉండదు, నాచును మేసే జీవులు ఉండవు. ఒక మందు నాచుకు హాని చేస్తుందో లేదో తేల్చాలంటే సిఫారసు చేసిన మోతాదుతో, నీరు నిలిచిన మడిలో, నాట్ల నుంచి కోత దాకా పరీక్షించాలి.