పూటకూళ్ళ ఇల్లు

పూటకు ఇంతని డబ్బు పుచ్చుకుని బాటసారులకు, ఊళ్లో ఇల్లూ వాకిలీ లేని ఒంటరివారికి భోజనం పెట్టే ఇల్లే పూటకూళ్ళ ఇల్లు. దాన్ని నడిపే స్త్రీని పూటకూళ్ళమ్మ అనేవారు. తెలుగునాట డబ్బిచ్చి బయట భోంచేసే అలవాటుకు తెలిసిన పాత రూపాల్లో ఇదొకటి. సత్రంలో పెట్టేది దాత పుణ్యం కోసం. పూటకూళ్ళ ఇంట్లో వండేది బతుకుతెరువు కోసం. నేటి మెస్సులు, భోజన హోటళ్లు, కర్రీ పాయింట్లు ఈ వరసలోనివే.

ఓరుగల్లులో రూక భోజనం

పూటకూళ్ళ భోజనానికి పేరుపడ్డ సాక్ష్యం ‘క్రీడాభిరామం’లో ఉంది. దీని కర్తగా వినుకొండ వల్లభరాయుడు ప్రసిద్ధుడు; శ్రీనాథుడి రచన అనేవారూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులు తిరుగుతూ చూసిన వింతలే ఇందులో కథ. అక్కడ లక్ష్మణవజ్ఝల వారి పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి వివరంగా చెప్పాడు: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. మిరపకాయ అప్పటికింకా ఈ దేశానికి రాలేదు. ఆ నంజుళ్లలో కారం ఉంటే అది మిరియాలు, ఆవాల వంటివాటిదే. పప్పూ నెయ్యీ, నంజుకోవడానికి నాలుగు రకాలు, కడుపు చల్లబడేలా పెరుగు అనే అమరిక మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

పూటకూళ్ళమ్మ

పాత సమాజంలో, ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాల్లో, భర్త పోయిన ఆడదానికి పునర్వివాహం లేదు, ఆస్తిలో చెప్పుకోదగ్గ హక్కూ లేదు. చేతిలో ఉన్న విద్య వంట ఒక్కటే. పూటకూళ్ళ ఇల్లు ఆమెకు ఎవరి పంచనా పడకుండా బతికే దారి చూపింది. గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ (తొలి ముద్రణ 1897, మార్చి రాసిన కూర్పు 1909) విజయనగరపు పూటకూళ్ళమ్మను రంగస్థలం మీదికి తెచ్చింది. ఆమె కష్టార్జితం తిన్న గిరీశాన్ని వెతుక్కుంటూ చీపురుకట్టతో వేశ్య మధురవాణి ఇంటికి వచ్చే ఘట్టం జనానికి నవ్వు తెప్పిస్తుంది. కానీ ఆ కోపం వెనుక ఉన్నది పొయ్యి దగ్గర కూడబెట్టిన డబ్బు.

ఇంటి నుంచి హోటలుకు

రైళ్లు, కోర్టులు, కాలేజీలు పట్నాలకు జనాన్ని తెచ్చాయి. గుమాస్తాలకూ విద్యార్థులకూ రోజూ రెండు పూటలా అన్నం కావలసి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో కాఫీ హోటళ్లు, ఉడిపి హోటళ్లు, నెలవారీ టిక్కెట్ల మెస్సులు పెరిగాయి. కులాన్ని బట్టి పంక్తి వేరుచేసే ఆచారం హోటళ్లలోకీ వచ్చింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లలో ప్రవేశానికి కులం అడ్డు కారాదని శాసించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఈ వివక్షను శిక్షార్హం చేసింది. తెలుగు భోజన చరిత్రలో ఇదొక పెద్ద మార్పు.

తెలుగువారు వెళ్లిన చోటికల్లా ఈ భోజనమూ వెళ్లింది. చెన్నై ఆంధ్రా మెస్సులు, బెంగళూరు ఆంధ్రా భోజన హోటళ్లు అరిటాకులో కందిపొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పులుసు, చారు, పెరుగు వడ్డించి తెలుగేతరులనూ అలవాటు చేశాయి. ఫుల్ మీల్స్‌లో అడిగినవారికి మారు వడ్డించడం ఇక్కడి మర్యాద. ఇటీవలి దశాబ్దాల్లో కర్రీ పాయింట్లు వచ్చాయి. ఇంట్లో అన్నం మాత్రం వండుకుని, పప్పూ వేపుడూ సాంబారూ ప్యాకెట్లలో తెచ్చుకోవడం ఉద్యోగస్తుల ఇళ్లలో మామూలైంది.

చరిత్రలో స్థానం

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం తిండి, కట్టు, వినోదాలను చరిత్రగా నిలిపింది. 1955లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఆ దృష్టితో చూస్తే పూటకూళ్ళ ఇల్లు రుచుల ముచ్చటే కాదు, స్త్రీల శ్రమ చరిత్ర కూడా. ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల అనే ఇంటిపేరు పద్యంలో మిగిలింది. గురజాడ నాటకంలో పూటకూళ్ళమ్మకు వృత్తే పేరు. తరాల తరబడి పరాయి ఊళ్లో ఉన్నవారికి ఇంటి అన్నం పెట్టిన ఈ స్త్రీలకు తెలుగు వంటల చరిత్రలో మొదటి అధ్యాయం దక్కాలి.