మట్టికీ గాజుకూ పొత్తు

ఊరగాయ జాడీ ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఉప్పు, పులుపు, నూనె ఏడాది పొడుగునా నిలువ ఉన్నా ఆ జాడీ గోడలోనికి చుక్కైనా ఇంకదు. దానికి కారణం పైనున్న నున్నని పూత. ఆ పూత గాజే. మెత్తని రాతిపొడిని నీళ్ళలో కలిపి మట్టిపాత్రకు పూసి బట్టీలో కాల్చగా, అది కరిగి గాజై మట్టిని అంటిపెట్టుకొంటుంది. నేటి శిల్పులు గాజును, కాల్చిన మట్టిని ఒకే శిల్పంలో కలుపుతున్నారంటే వింతగా తోచవచ్చును గాని, ఆ పొత్తు మన వంటింటి అటుక మీదనే ఉన్నది.

మట్టి బలాన్ని పాంచాలంకురిచ్చి ప్రాంతం వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1799 తరువాత నేలమట్టమైన కట్టబొమ్మన కోటను ఊమైదురై మరల మట్టితోనే లేపగా, 1801లో ఆ గోడలు ఆంగ్లేయుల ఫిరంగులకు సులభంగా లొంగలేదు. గాజు కూడా ఈ సీమకు పరాయిది కాదు. విరుదునగర్ జిల్లాలో వైప్పారు ఒడ్డునగల వెంబకోట్టైలో 2022 నుండి తమిళనాడు పురావస్తు శాఖవారు జరిపిన తవ్వకాలలో గాజుపూసలు, మట్టిబొమ్మలు, శంఖుతో చేసిన గాజులు బయల్పడినవి. (శంఖుతో చేసినా, బంగారంతో చేసినా చేతికి వేసుకొనేది మనకు గాజే. ఆ పదార్థం ఎంత ఇష్టమో మన భాషే చెబుతున్నది.)

పక్కపక్కన ఉండుట వేరు, ఒకటిగా కలియుట వేరు. బట్టీ చల్లారేటప్పుడు మట్టీ గాజూ రెండూ ముడుచుకొంటాయి, కాని ఒకే కొలతలో కాదు. గాజు ఎక్కువ ముడుచుకొంటే దానిపై వెంట్రుకవంటి బీటలు పుడతాయి. పాత పింగాణీ కప్పులలో కనిపించేవి అవే. మరీ తక్కువ ముడుచుకొంటే పూత పెచ్చులుగా ఊడుతుంది. పలుచని పూతకే ఇంత చిక్కైతే, అరచేతి మందం గాజును మట్టిశిల్పంలో నిలపడం ఎంత కష్టమో ఊహించవచ్చును. అందుకే కొందరు రెంటినీ వేరువేరుగా కాల్చి, తరువాత అతుకుతారు. మరికొందరు సీసాపెంకులను మట్టిగుంటలో కరగనిచ్చి, ఆ బీటలనే అందంగా స్వీకరిస్తారు.

శిల్పి తన సొంత బట్టీలో గాజును కరిగించే ఉద్యమానికి ఆద్యుడు ఒక కుండల గురువే. అమెరికాలో మట్టిపాత్రల కళను బోధించిన హార్వే లిటిల్టన్ 1962లో టొలీడో నగర ప్రదర్శనశాల ఆవరణలో చిన్న బట్టీ పెట్టాడు. మొదట గాజు సరిగా కరగలేదు. డొమినిక్ లాబినో అనే గాజు నిపుణుడు పరిశ్రమలో వాడే గాజుగోలీలు వేయించగా పని సాగింది.

మన దేశంలో 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఎందరినో తీర్చిదిద్దింది. మీకర్ మట్టి ఇండ్లనే బట్టీలుగా చేసి, ఇంటికి ఇల్లే కాల్చిన సాహసి! తెలుగువారైన పి.ఆర్. దరోజ్ నిలువెత్తు ద్వారాలను మట్టితో కాల్చి నిలిపారు. 2018లో జైపూరులో ఈ కళకు దేశంలో తొలి త్రైవార్షిక ప్రదర్శన జరిగింది.

ఈ వరుసలో పాపానాయుడుపేట పేరు వినబడకపోవడం విచారకరం. తిరుపతికి చేరువలోని ఆ ఊరి పనివారు మట్టిబట్టీలో కరిగిన గాజుముద్దను ‘లాడ’ అను బోలు ఇనుపకడ్డీకి పట్టించి, సన్నని గొట్టంగా సాగదీసి, ముక్కలు కోసి, బూడిదలో కలిపి మరల వేడిచేసి పూసలుగా గుండ్రపరిచేవారు. పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఈ విధానాన్ని గ్రంథస్థం చేసి, రెండువేల ఏండ్లనాటి అరికమేడు పూసల పద్ధతికి ఇది వారసత్వమని అభిప్రాయపడ్డాడు. విధానం గ్రంథానికెక్కింది గాని, గాజు ఎప్పుడు సాగదీయదగునో దాని ఎరుపును చూచి చెప్పగల కన్ను గ్రంథానికెక్కదు. అది బట్టీ ముందు తండ్రి పక్కన కూర్చున్న కొడుకుకే అబ్బుతుంది.