గుండు వేగము

నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు పోవు బాటసారికి తూర్పున నల్లమల కొండలు విడువక తోడువచ్చును. ఈ కొండల నీడలో తుపాకి పలుమారులు మ్రోగినది. ఆ గుండు ఎంత వేగముతో పోయెను, ఆ వేగమును పెంచుటకు మానవుడు ఎంతదూరము పోయెను అని అడిగినవారు మాత్రము తక్కువ. నేటి ప్రసంగములో ఆ ప్రశ్ననే ఎత్తుకొనుచున్నాము.

ముందుగా మన సీమ సంగతి. నంద్యాల, శిరివెళ్ళ తాలూకాలు 1839 వరకు కర్నూలు నవాబు ఏలుబడిలో నుండెను. ఆళ్ళగడ్డ ఈ శిరివెళ్ళ తాలూకాలోనిదే. నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడని అనుమానించి కుంపిణీవారు ఆ యేట సేనను పంపిరి. కోటలో దాచిన ఫిరంగులు, మందుగుండు బయటపడెను. అక్టోబరు నెలలో పోరు జరిగి నవాబు పట్టుబడెను. రాజ్యము కుంపిణీ పాలయ్యెను. ఆయుధశాల కారణముగా ఒక సీమ చేతులు మారినదన్నమాట.

పిమ్మట ఏడేండ్లకు, ఆళ్ళగడ్డ దాపునగల ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి తిరుగబడెను. తనకు రావలసిన తవర్జీ సొమ్ము చిక్కులో పడినది. గ్రామ కట్టుబడి బంట్రోతుల మాన్యములు కుంపిణీ చేతికి పోవుచుండెను. 1846 జూలై 10న అతని జనము కోయిలకుంట్ల ఖజానాపై బడిరి. అక్టోబరులో అతడు పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిరి.

తెల్లవారి తుపాకి వేగమునకు మనవారు ఆగలేకపోయిరని కొందరందురు. ఆ మాటతో మేము ఏకీభవింపము. నునుపు గొట్టము నుండి వెడలిన గుండ్రని సీసపు గుండు ఎవరిదైనను గాలికి లొంగవలసినదే. ఈ సత్యమును మొదట లెక్కగట్టిన ఆంగ్లేయుడు బెంజమిన్ రాబిన్స్. ఆయన చేసిన పని బహు సరళము. బరువైన కొయ్యదిమ్మెను ఉయ్యాలవలె వ్రేలాడదీసి, దానిలోనికి గుండు పేల్చెను. దిమ్మె ఎంత ఊగినదో కొలిచి, దిమ్మె బరువును గుండు బరువును బట్టి వేగమును రాబట్టెను. 1742లో ఆయన గ్రంథము వెలువడెను. పౌను బరువులో పండ్రెండవ వంతు తూగు గుండు సెకనుకు సుమారు 1,700 అడుగుల వేగముతో పోవుననియు, అప్పుడు గాలి దానిని దాని బరువుకు 120 రెట్ల బలముతో వెనుకకు నెట్టుననియు ఆయన తేల్చెను. అంతవరకు గాలి లెక్కలోనిది కాదనుకొన్న పండితులు నివ్వెరపోయిరి. కుంపిణీ కోటలను బాగుచేయించుటకు వచ్చిన ఈ రాబిన్సే 1751లో మన చెన్నపట్టణమునకు దక్షిణమున, కడలూరు కడనున్న సెయింట్ డేవిడ్ కోటలో జ్వరముతో మరణించెను. గుండు వేగము కొలిచినవాడు మన దక్షిణదేశపు మట్టిలోనే కలిసినాడని ఎందరెరుగుదురు?

నల్లమందు కాలమున వేగము అంతకుమించి పెద్దగా పెరుగలేదు. 1884లో ఫ్రెంచివాడు వియేల్ పొగలేని మందును కనిపెట్టిన తరువాతనే దారి తెరచుకొనెను. మన పోలీసు ఠాణాలలో చిరకాలము కనబడిన త్రీనాట్‌త్రీ తుపాకి గుండు 2,440 అడుగుల వేగము గలది. 1935లో అమెరికాలో వించెస్టరు కంపెనీవారి .220 స్విఫ్ట్ తూటా 4,100 అడుగులను దాటెను.

కంపెనీలతో తృప్తిపడని ఔత్సాహికులు అక్కడ తామే తూటాలు మలచుకొనసాగిరి. పెద్ద తూటా యొక్క ఇత్తడి గుల్ల మెడను నొక్కి సన్నము చేసి, అందులో చిన్న గుండును బిగింతురు. ఏ కార్ఖానా జాబితాలోను లేని ఈ తూటాలకు వైల్డ్‌క్యాట్, అనగా అడవిపిల్లి, అని పేరు. ఈ విద్యలో పి.ఓ. ఆక్లీ అను తుపాకి పనివాడు ప్రసిద్ధుడు. భారీ జంతువుల వేటకై చేసిన .378 వెదర్బీ గుల్లకు .22 గుండును తగిలించి 5,000 అడుగులను అందుకొనజూచెను. దానికి చెవులు పగులునని ధ్వనించు వేళాకోళపు పేరు పెట్టిరి. 50 గ్రెయిన్ల గుండుతో 4,600 అడుగుల వరకే సాగెను.

ఏల ఆగిపోయెను? మందు ఎంత పోసినను, మండిన వాయువు తన్ను తానుకూడ నెట్టుకొని పోవలెను గదా. గుండు తేలికయగుకొలది వాయువు భారమే మిగులును. ఆ సెగకు గొట్టపు మొదలు త్వరలో అరిగి చెడును. పలుచని తొడుగు గల గుండు ఒక్కొక్కప్పుడు తన సుడివేగమునకే గాలిలో చెదరిపోవును.

మరల నల్లమలకు వత్తము. నంద్యాల–గిద్దలూరు రైలుదారిలోని దిగువమెట్ట పులినిగూర్చి వ్రాసిన వేటకాడు కెన్నెత్ ఆండర్సన్‌కు ప్రియమైనది .405 వించెస్టరు. దాని వేగము 2,200 అడుగులే. గుండు మాత్రము 300 గ్రెయిన్లు. లెక్కవేసి చూడగా, ఆక్లీ గుండు శక్తి సుమారు 2,350 అడుగు-పౌనులు, ఆండర్సన్ గుండుది 3,200 పైచిలుకు. సగము వేగమైనను లేని గుండే బలమైనది! పులి ఎదుట నిలిచినవాడు ఏది కోరునో చెప్పనక్కరలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వేటలు ముగిసెను. నేడు ఆ అడవి పులుల అభయస్థానము.

ఇట్టి ప్రయోగములు మన సీమలో ఏల పుట్టలేదు? నేర్పు లేకపోలేదు, ఫిరంగిని పోతపోయ నేర్చిన చేతులివి. నరసింహారెడ్డి శిరస్సు కోయిలకుంట్ల కోటపై 1877 వరకు వ్రేలాడెనందురు. మరుసటి యేడే, 1878లో, ఆయుధ చట్టము వచ్చి భారతీయుని చేతి తుపాకికి లైసెన్సు విధించెను. స్వతంత్ర భారతమున 1959 చట్టము దాని స్థానమును గైకొనెను. ఆక్లీ తన దుకాణములో తోచినట్లు చేసిన పనిని నంద్యాలలో ఎవరైనను చేయబూనినచో, ముందుగా సర్కారువారి తయారీ లైసెన్సు చేతనుండవలెను.