అంతరించు ప్రాణులు – కేంద్రకోశము

గ్రాంటు అను మాట మావంటి ఉపాధ్యాయులకు క్రొత్తది కాదు. ఎయిడెడు పాఠశాలలలో బనిచేసినవారు దాని మర్మమును బుస్తకములవలన దెలిసికొననక్కరలేదు. ప్రభుత్వము ఆ పాఠశాలను దాను స్థాపింపదు. కొంత ధనమిచ్చి, ఆ ధనముతోపాటు కొన్ని నియమములను బంపును. హాజరుపట్టీ సరిగా నుండవలెను, లెక్కలు చూపవలెను, ఇన్‌స్పెక్టరు అడిగిన పుస్తకము బల్లమీద నుండవలెను. ధనమును గోరినవారు నియమములను గూడ నంగీకరింతురు. ఇట్లు ఆజ్ఞ పోజాలనిచోటికి ధనము పోయి పని చేయించును. అంతరించిపోవుచున్న మృగపక్షిజాతులను రక్షించుటయందు అమెరికా సంయుక్తరాష్ట్రములవారు ఈ సాధనమునే ప్రయోగించిరి. కేంద్రమొకటియు రాష్ట్రములు పెక్కులును గల మన దేశమునకు వారి అనుభవము పరిశీలింపదగినది.

అడవిలోని లేడి యెవరిది? ఆంగ్లేయుల పూర్వధర్మము ననుసరించి అది రాజుది. అమెరికాలో రాజు లేడు గనుక ఆ హక్కు ఆయా రాష్ట్రములకు సంక్రమించినదని న్యాయవేత్తలు తలచిరి. 1896లో గీర్ - కనెక్టికట్ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు ఈ భావమునే స్థిరపరచెను. రాష్ట్రము తన ప్రజల పక్షమున వన్యమృగములకు స్వామి యయ్యెను. స్వామిత్వము తేలినది, సంరక్షణము మాత్రము తేలలేదు. ఒకనాడు కోట్లకొలది గుంపులుగా నెగిరి సూర్యుని గప్పివేసిన పాసెంజరు పావురములు వేటగాండ్ర తుపాకులకును, వలలకును, వానిని నగరములకు మోసిన రైలుబండ్లకును నెఱయైపోయినవి. ఆ జాతిలో కడపటిదగు మార్తా యను పావురము 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించెను. ఆ శాలలోనే 1918లో కరోలినా చిలుకల జాతిలో చివరిదిగా దలచబడిన పక్షియు బోయెను. స్వామి యుండియు సొత్తు నశించినది.

ఇంతలో కేంద్రప్రభుత్వము ఊరకుండలేదు. ఒక రాష్ట్రపు చట్టమునకు విరుద్ధముగా జంపిన జంతువును మఱియొక రాష్ట్రమునకు దరలించుట నేరమని 1900లో లేసీ చట్టము చేయబడెను. 1916లో కెనడా పక్షమున బ్రిటనుతో వలసపక్షులనుగూర్చి సంధి కుదిరెను. 1918లో దానికి దగిన చట్టము పుట్టెను. తన పక్షులపై కేంద్రమునకేమి యధికారమని మిస్సోరీ రాష్ట్రము వ్యాజ్యెము తెచ్చెను. 1920లో న్యాయమూర్తి హోమ్స్ సంధిపక్షముననే తీర్పు వ్రాసెను. నిన్న రాని పక్షి, వారమునకు వేయిమైళ్ల దవ్వున నుండగల పక్షి ఒక రాష్ట్రపు సొత్తెట్లగునని ఆయన తర్కసారము. కాని సంధులు వలసపక్షులకే వర్తించును. ఎల్లలు దాటి యెగురలేని తాబేలునకును, ఒక్క కొండవాలుననే పుట్టి గిట్టు మొక్కకును సంధి లేదు. వానివిషయమున కేంద్రము రాష్ట్రములను మెప్పించియే పని సాగింపవలసియుండెను.

ఆ మెప్పించు మార్గము 1937లో దొరకెను. నెవాడా సెనేటరగు పిట్‌మనును, వర్జీనియా ప్రతినిధియగు రాబర్ట్‌సనును బ్రవేశపెట్టిన శాసనముపై ఆ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన అధ్యక్షుడు రూజ్‌వెల్టు సంతకము చేసెను. తుపాకులమీదను, తూటాలమీదను వచ్చు పన్నును వన్యప్రాణులకై ప్రత్యేకించి రాష్ట్రములకు బంచుట దీని యుద్దేశము. ఖర్చులో నూటికి 75 వంతుల వఱకు కేంద్రమిచ్చును. తక్కినది రాష్ట్రము పెట్టుకొనవలెను. ఈ శాసనమునందలి ప్రాణము ఒక్క నియమమునందున్నది: వేటలైసెన్సుల రుసుమును వన్యప్రాణిశాఖకు దప్ప మఱి దేనికిని వాడమని చట్టము చేసికొనిన రాష్ట్రమునకే గ్రాంటు దొరకును. అంతకుముందు ఆ రుసుము రోడ్లకును, ఇతరములగు ఖర్చులకును బోవుట కలదు. కేంద్రమిచ్చిన ధనముకంటె, ఆ ధనముకొఱకు రాష్ట్రములు తమ సొంత ధనమునకు వేసికొనిన తాళమే యెక్కువ మేలు చేసెను. తెల్లతోకజింకలు, అడవిటర్కీలు మరల అడవులలో నిండినవి.

కాని యీ పద్ధతిలో నొక లోపము గూడ నిమిడియుండెను. ధనము వేటగాండ్రనుండి వచ్చెను గనుక వేటకు బనికివచ్చు జంతువులకే యధికముగా బోయెను. మాంసము లేని కప్ప, కొమ్ములు లేని నత్త, పేరు లేని పువ్వు—వీనికొఱకు తూటాకొనువాడెవడు? ఎవరి సొమ్ము వచ్చునో వారి యిష్టమే రక్షణక్రమమును నిర్ణయించుట లోకసహజము. ఆ సహజత్వముననే యన్యాయమున్నది.

ఈ లోపమును దీర్చుటకే 1973 డిసెంబరు 28వ తేదీన అధ్యక్షుడు నిక్సను సంతకము చేసిన ప్రమాదస్థజాతుల చట్టమునందు ఆఱవ ప్రకరణము చేర్చబడెను. రాష్ట్రము కేంద్రముతో నొడంబడికను జేసికొనినచో గ్రాంటునకు బాత్రమగును. మొదట కేంద్రపు వాటా మూడింట రెండువంతులకు మించరాదు. రెండు మూడు రాష్ట్రములు కలిసి యొక జాతికొఱకు బనిచేసినచో నూటికి 75 వంతులు. 1982లో ఈ వాటాలు 75కును, 90కును బెంచబడెను. కలిసి పనిచేయువారికి హెచ్చుగా నిచ్చుట మిక్కిలి తెలివైన యేర్పాటు. ప్రాణులు సరిహద్దురాళ్లను జూచి నడువవు గదా. ఊరక చేయిచాచిన రాష్ట్రమునకు ధనము లేదు. జాతులను బరిశోధించుటకును, భూమిని సేకరించుటకును అధికారము గల శాఖ యుండవలెను. ఏ జాతి ప్రమాదములో నున్నదో నిర్ణయించుటయందు బ్రజలకు బ్రమేయముండవలెను. 1988లో దీనికై ప్రత్యేకనిధి యొకటి యేర్పడెను. నిధి పేరు స్థిరమే. మంజూరు మాత్రము ఏటేట కాంగ్రెసు చేయవలసినదే. జాతి కోలుకొనుటకు దశాబ్దులు పట్టును. బడ్జెటు ఆయువు ఒక్క సంవత్సరము. ఈ రెండు కాలములకును బొత్తు కుదురకపోవుటయే యీ గ్రాంటులకు గల మొదటి కష్టము.

రెండవ కష్టము భూస్వాములవలన వచ్చెను. ప్రమాదస్థజాతులలో బెక్కింటి యునికి ప్రైవేటుభూములయందే. ఆగ్నేయరాష్ట్రములలో రెడ్ కాకేడెడ్ అను వడ్రంగిపిట్ట యున్నది. అది బ్రతికియున్న ముసలి పైన్ చెట్లలోనే తొఱ్ఱ చేసికొనును. పిట్ట వ్రాలినచో జెట్టు కొట్టరాదని చట్టమనగా, ఉత్తరకరోలినాలో గొందఱు యజమానులు చెట్లు ముదురకమునుపే కొట్టివేయ నారంభించిరి. రక్షింపవచ్చిన చట్టము గూడునే పోగొట్టెను! 1995లో నక్కడనే యొక యుపాయము ప్రారంభమయ్యెను. పిట్టకు మేలుచేయు యజమానిపై, పిట్టలు పెరిగినంతమాత్రమున క్రొత్త నిర్బంధములు మోపబోమని ప్రభుత్వము మాట యిచ్చెను. తరువాత దక్షిణకరోలినా, జార్జియా మొదలగు రాష్ట్రముల శాఖలు ఈ యొడంబడికలను దామే నిర్వహించెను. 2024లో ఆ పిట్ట అతిప్రమాదస్థితినుండి యొక మెట్టు దిగి తక్కువ ప్రమాదస్థితికి జేరినట్లు ప్రకటింపబడెను. నిషేధమొక్కటియే చేయలేనిదానిని నిషేధమును, సాహాయ్యమును, నమ్మకమును గలిసి చేసినవి.

మన దేశమునను బ్రశ్న యిట్లే పుట్టెను. రాజ్యాంగములో అడవిజంతువులు మొదట రాష్ట్రజాబితాలో నుండెను. అందుచేత 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమును జేయుటకు బార్లమెంటు 252వ యధికరణము క్రింద రాష్ట్రశాసనసభల తీర్మానములను గోరవలసివచ్చెను. అట్లు కోరిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1976 నాటి 42వ సవరణచే ఈ విషయము ఉమ్మడిజాబితాలోనికి వచ్చెను. 1973 ఏప్రిలు 1వ తేదీన ఆరంభమైన పులుల ప్రణాళిక తొమ్మిది అభయారణ్యములకు గేంద్రధనమును దెచ్చెను. పులికి గంభీరరూపమున్నది, చూడవచ్చు యాత్రికులున్నారు. కాని కడపజిల్లాలో ముండ్లపొదల నడుమ రాత్రివేళ దిరుగు కలివికోడికి ఎవరున్నారు? 1900 తరువాత నెవరికిని గానరాక నశించినదనుకొనబడిన ఆ పక్షి 1986 జనవరిలో మరల దొరకెను. దొరికిన పిదప తెలుగుగంగ కాలువ దాని పొదలమీదుగా బోవలసివచ్చెను; వివాదానంతరము కాలువ మార్గము మార్చబడెను. అత్యంతప్రమాదస్థజాతుల పునరుద్ధరణమునకై కేంద్రము రాష్ట్రములకిచ్చు సాహాయ్యపు జాబితాలో నీ కలివికోడి పేరును జేర్చిరి. ఇది శుభము. జాబితాలో బేరుండుట హాజరుపట్టీలో బేరుండుటవంటిది. బిడ్డ చదువుకొనుచున్నాడా యనునది వేఱు ప్రశ్న.

గ్రాంటు ఎంతయని మాత్రమే విచారించుట మన యలవాటు. అది యే నియమముతో వచ్చినది, ఎన్ని యేండ్లు నిలుచును, నోరులేని యల్పప్రాణికి జేరునా, ఆ ప్రాణితో బొరుగున బ్రతుకు రైతును మిత్రునిగా జేసికొనెనా—ఈ నాలుగును విచారింపవలెను. మార్తా పంజరమున మరణించిననాడు దానిని బెంచుటకు ధనము లేకపోలేదు. అప్పటికి దానికి జోడులేదు. సకాలమునకు రాని సాహాయ్యము ఎంత పెద్దదైనను శ్రాద్ధముతో సమానము.