చేతిలో సరస్వతి, నోట్లో ముప్పావు ఎక్కం

సంచిక బాధ్యులు "బుద్ధికి పదును పెట్టే అలవాట్ల మీద ఏదైనా రాయవయ్యా, ఇంజనీరువి కదా" అన్నారు. అందుకు ఫోన్లో బోలెడు యాప్‌లున్నాయి. వాటి జోలికి పోకుండా, రెండు వందల ఏళ్ల క్రితం మన ప్రాంతపు వీధి బడుల్లో పిల్లల బుద్ధికి ఎలా సాన పట్టేవారో చెబుతాను.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఒక్కో జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లను లెక్క అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. మన ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే కాబట్టి అది మన ముత్తాతల చదువు కథే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడికి పట్టుమని పన్నెండు మంది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న: మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, వెనక వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. (మా రోజుల్లో లేటుగా వస్తే అందరికీ ఒకటే రేటు. నాకైతే పాత పద్ధతిలోనే న్యాయం ఎక్కువ కనిపిస్తుంది.)

అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. క్యాంప్‌బెల్ బాగా మెచ్చుకున్నది ఈ రెండోదాన్నే. ఆయనకు ముందే ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు అనాథ బాలుర బడిలో 1789 నుంచి ఈ పద్ధతిని నడిపి, 1797లో ఇంగ్లండులో దాని మీద పుస్తకం వేశాడు. ఎవరికైనా నేర్పాలంటే మన బుర్రలో ముందు అది సర్దుకోవాలి. సైటులో కొత్త కుర్రాడికి లెవెలింగ్ చెప్పిన ప్రతిసారీ నాకిది అనుభవమే.

అదే కలెక్టరు తప్పు పట్టిందీ ఉంది. పిల్లలు పద్యాలు వందలకొద్దీ ఒప్పజెబుతారు గానీ అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసు అన్నాడు. ఆయన మాట నిజమే. మనలో చాలామందిమి ఆ చిలకలమే.

లెక్కల్లో మాత్రం చిలక పలుకులు కుదరవు, బజారు ఊరుకోదు. మన పాత కొలతలు చాలావరకు నాలుగేసి మెట్లు. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. పావులో పావు వీసం. రూపాయికి పదహారణాలు కాబట్టి అణా అంటే రూపాయిలో వీసమే. ఈ నాలుగో వంతుల భిన్నాలకు తెలుగులో విడిగా అంకెలే ఉండేవి. 2008లో అవి యూనికోడ్‌లోకి ఎక్కాయి, ఇప్పుడు కంప్యూటర్లో కొట్టుకోవచ్చు. అందుకే పాతకాలపు బడిలో పావు, అర, ముప్పావు ఎక్కాలు వల్లె వేయించేవారు. పదిహేడు ముప్పావులెన్ని? సగం ఎనిమిదిన్నర, అందులో సగం నాలుగుంపావు, రెండూ కలిపితే పన్నెండు ముప్పావు. కాగితం అక్కర్లేదు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. ఆ వెనకే కిలోలు, లీటర్లు. ముప్పావు ఎక్కం పోయింది పిల్లల బద్ధకం వల్ల కాదు, దానికి బజార్లో పని లేకపోవడం వల్ల.

మా నాన్న పత్తి మండీలో గుమాస్తా. ఆ పాత ఎక్కాలు నేర్చిన ఆఖరి తరం. తక్కెడ దిగేలోపు మొత్తం చెప్పేసేవాడు. ఎక్కాలొస్తే మతిమరుపు రాదని మాత్రం నేననను. చివరి రెండేళ్లు ఆయన నా పేరు మరిచిపోయాడు, నన్ను మండీ షావుకారు అనుకుని "మీరు" అనేవాడు. పక్కన కూర్చుని "పదమూడు ముప్పావులు?" అంటే మాత్రం "తొమ్మిది ముప్పావు" అని వెంటనే అనేవాడు. ఆ రెండేళ్లు మా ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ చాలావరకు అదే.

చిలక జ్ఞాపకానికి మన భాషలోనే విరుగుడు ఉంది: అష్టావధానం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి దీన్ని జనం వినోదం చేశారు. అవధాని పద్యం కడుతుంటే ఒకరు అక్షరాన్ని నిషేధిస్తారు, ఒకరు సంబంధం లేని కబుర్లతో కదిలిస్తారు, ఒకరు గంట కొడుతూ పోతారు. చివర్లో పద్యాలన్నీ ఒప్పజెప్పి గంటలెన్నో చెప్పాలి. వారగణనంలో తేదీ ఇస్తే వారం చెప్పాలి. ఇందులో మంత్రమేం లేదు. ఏడాదికి 52 వారాల మీద ఒక రోజు మిగులు, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు. 1947 ఆగస్టు 15 శుక్రవారం, మరుసటి ఏడు అదే తేదీ ఆదివారం. పొద్దున నడకలో నేను చేసే కసరత్తు ఇదే, ఎదురొచ్చే మిత్రుల పుట్టినరోజులతో.

స్వర్ణోత్సవ కానుకగా మన బడికి ట్యాబ్‌లు ఇద్దామని సంఘంలో కొందరంటున్నారు. ఇవ్వండి, కాదనను. వాటితోపాటు వారానికొక పీరియడు తొమ్మిదో తరగతి పిల్లలు ఆరో తరగతి వాళ్లకు నోటిలెక్కలు చెప్పే ఏర్పాటు హెడ్మాస్టరు గారిని అడుగుదాం. దీనికి చందా అక్కర్లేదు. సమ్మేళనం నాడు సాయంత్రం పిల్లలే పృచ్ఛకులుగా చిన్న అవధానం ఆట పెడదాం. వారగణనం నేను చూసుకుంటాను. గంట కొట్టడానికి మన బ్యాచ్ నుంచి ఒకరు కావాలి.